లేనిది వేరు, పోయినది వేరు

విద్యార్థులారా! బ్రౌజరులో ఏదేని యొక వెబ్‌సైటును తెరచినప్పుడు, పైభాగమున ఆ పేజీ పేరునకు ముందు గోరంత బొమ్మ యొకటి కనబడుచుండును. మీరు దానిని దినమునకు పదిసార్లు చూచుచున్నను, దానిని గూర్చి యెన్నడును తలపోసి యుండరు. మేమును తలపోసి యుండలేదు. ఆ బొమ్మ లేకపోవుట వలన మా పాఠశాలలో నొక బాలునికి అన్యాయము జరిగినది. ఆ యన్యాయము చేసినవారము మేమే. జరిగినదానిని దాచక చెప్పి, దాని మూలమున మేము నేర్చిన పాఠమును మీకు తెలుపుటయే యీ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. జరిగిన సంగతి

మా కంప్యూటరు గదిలో నొక యంత్రము సర్వరుగా పనిచేయుచున్నది. తక్కిన యంత్రములన్నియు తీగలచే దానికి కలుపబడి యున్నవి. బయటి ఇంటర్నెట్టు లేకున్నను ఇవి తమలో తాము మాటలాడుకొనగలవు. వార్షికోత్సవమునాడు తల్లిదండ్రులకు చూపుటకై తొమ్మిదవ తరగతి విద్యార్థులు కొందరు పాఠశాలను గూర్చియు, కోరుకొండను గూర్చియు, పూర్వవిద్యార్థులను గూర్చియు కొన్ని పేజీలు సిద్ధపరచిరి. వారిలో నొక బాలుడు వాటిని తాను కూర్చుండు యంత్రముననే కూర్చి, పరీక్షించి, పిమ్మట సర్వరులోనికి మార్చెను.

ఉత్సవమునకు ముందుదినము మధ్యాహ్నము మేము వేరొక యంత్రమునుండి ఆ పేజీలను తెరచి చూచితిమి. అక్షరములన్నియు సరిగనే యుండెను గాని, పూర్వవిద్యార్థుల ఛాయాచిత్రములు మూడు కనబడలేదు. వాటి స్థానమున ఖాళీ గళ్లు మాత్రమే యుండెను. సర్వరు తనకు వచ్చిన ప్రతి యభ్యర్థనను వ్రాసికొను పుస్తకమొకటి కలదు. దానిని లాగు అందురు. దానిని తెరువగా, అందు 404 అను సంఖ్యగల పంక్తులు 43 కనబడెను. పైనుండి పది పంక్తులు చదివితిమి. పదియు ఫావికాన్ అను నొకే ఫైలును గూర్చినవి. తక్కినవియు నట్టివే యనుకొని మూసివేసితిమి.

తరువాత ఆ బాలుని యంత్రము వద్దకు పోయి చూడగా, అచ్చట అదే పేజీ పేరునకు ముందు నీలిరంగు నక్షత్రపు బొమ్మ మెరయుచుండెను. సర్వరునుండి తెరచిన పేజీకి ఆ నక్షత్రము లేదు. ఇంకేమి సాక్ష్యము కావలయును? ఇచ్చట నున్న ఫైలు అచ్చట లేదు. పుస్తకము కూడ లేదనియే చెప్పుచున్నది. కావున ఫైళ్లను మార్చునప్పుడు ఈతడు అజాగ్రత్తచే కొన్నింటిని తుడిచివేసెననియు, నక్షత్రముతోపాటు ఛాయాచిత్రములును అట్లే పోయెననియు నిశ్చయించితిమి. తరగతి యెదుట అతనిని మందలించి ఆ పనినుండి తప్పించితిమి. "మేష్టారూ, నేనేమీ తీసెయ్యలేదండి" అని యొక్క మాట చెప్పి, ఆ బాలుడు తల వంచుకొని పోయి వెనుక బల్లమీద కూర్చుండెను.

ఆ సాయంకాలము ఛాయాచిత్రములను తిరిగి చేర్చుటకు మేమే కూర్చుంటిమి. అప్పుడు మా తీర్పునందలి ఒక్కొక్క మేకు ఊడసాగెను. ఏ మేకు ఎట్లు ఊడెనో తెలియవలెనన్న, బ్రౌజరు సర్వరును ఏ విధముగా అడుగునో ముందు తెలిసికొనవలెను.

2. అడుగకయే అడుగు ఫైలు

మీరొక పేజీ చిరునామాను వ్రాయగానే బ్రౌజరు ఆ పేజీని సర్వరు నడుగును. సర్వరు పంపిన పేజీని చదివి, అందు ఏయే చిత్రములు, ఏయే యలంకారపు ఫైళ్లు పేర్కొనబడినవో కనుగొని, వాటిని ఒక్కొక్కదానిని మరల నడుగును. ఇంతవరకు మీరందరు ఊహింపగలదే. ఊహింపజాలనిది వేరొకటి కలదు. పేజీలో ఎవరును పేర్కొనకున్నను, బ్రౌజరు తనంతట తానుగా సైటుయొక్క మూలపు ఫోల్డరులో ఫావికాన్ అను పేరుగల ఫైలు కలదాయని యడుగును. ఆ పేరు చివర, చుక్కకు తరువాత, ఐ, సి, ఓ అను మూడు ఇంగ్లీషు అక్షరములుండును. పేజీ వ్రాసినవారు బొమ్మ యెచ్చట నున్నదో తామే చెప్పియున్నచో బ్రౌజరు అచ్చటికే పోవును. చెప్పనియెడల ఈ పాత చోటను వెదకవచ్చునని నేటి హెచ్‌టిఎంఎల్ ప్రమాణమును అనుజ్ఞ నిచ్చుచున్నది.

ఈ యలవాటు ఎచ్చటనుండి వచ్చెను? 1999 మార్చి నెలలో మైక్రోసాఫ్టువారు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు ఐదవ కూర్పును వెలువరించిరి. అందు చదువరి తనకు నచ్చిన పేజీలను ఫేవరిట్స్, అనగా ఇష్టమైనవి, అను పట్టికలో చేర్చుకొనవచ్చును. ఆ పట్టికలో పేజీ పేరు ప్రక్కను చూపుటకై యొక బొమ్మను బ్రౌజరు సర్వరునుండి తెచ్చుకొనెడిది. ఫేవరిట్ అను మాటను, బొమ్మయను నర్థముగల ఐకాన్ అను మాటను కలుపగా ఫావికాన్ అను పేరేర్పడెను. మీ పెట్టెలలోని ఫెవికాల్ జిగురునకును దీనికిని చుట్టరికము లేదు. ఆ దినములలో పేజీని ఇష్టమైనవాటిలో చేర్చినప్పుడు మాత్రమే ఆ యభ్యర్థన వచ్చెడిది గనుక, తమ పేజీని ఎందరు దాచుకొనిరో అంచనా వేయుటకు కొందరు సైటు యజమానులు ఆ పంక్తులను లెక్కించెడివారు. పిమ్మట తక్కిన బ్రౌజరులును ఈ పద్ధతి నవలంబించి, చిరునామా ప్రక్కను, ట్యాబులమీదను బొమ్మను చూపసాగెను. అందుచే ఎవరు చూడవచ్చినను ఫావికాన్ కొరకు అడుగుట సామాన్యమయ్యెను.

దీనిని మేము ప్రయోగముచేసి చూచితిమి. మీరును చేయవచ్చును. నమస్కారము అను నొక్క మాట తప్ప మరేమియు లేని క్రొత్త పేజీని వ్రాసి సర్వరులో నుంచితిమి. అంతకుముందు సర్వరును తెరచియుండని యొక యంత్రమునుండి దానిని తెరచితిమి. ఒక్క పేజీని మాత్రమే యడిగితిమి గాని, లాగులో రెండు పంక్తులు వ్రాయబడెను. మొదటిది ఆ పేజీకి సంబంధించినది. దాని చివర 200, అనగా సరి, అని యున్నది. రెండవది ఫావికాన్‌కు సంబంధించినది. దాని చివర 404. ఈ పేజీనుండి ఎవరును ఏమియు తుడిచివేయలేదు గదా! అయినను పుస్తకములో అదే పంక్తి వచ్చినది. మొదటి మేకు ఊడెను.

3. సంఖ్యల యర్థము

సర్వరు ఇచ్చు ప్రత్యుత్తరములకు మూడంకెల సంఖ్యలు కలవు. రెండుతో మొదలగునవి పని నెరవేరినదని చెప్పును. మూడుతో మొదలగువానిలో పెక్కులు వేరొక చోటికి పొమ్మని చెప్పును. నాలుగుతో మొదలగునవి అడిగిన దానియందు లోపము కలదనియు, ఐదుతో మొదలగునవి సర్వరు తనయందే లోపము కలదనియు చెప్పును.

మన పాఠమునకు ముఖ్యమైనవి రెండు సంఖ్యలు. 404 అనగా, అడిగినది ఇప్పుడు నాకు కనబడలేదు అని యర్థము. అది మునుపు ఉండెనా, ఎన్నడును లేదా, రేపు వచ్చునా, ఎన్నటికిని రాదా యను విషయములను ఆ సంఖ్య చెప్పదు. ఉన్నను చూపుట కిష్టములేని సర్వరును 404 అని చెప్పవచ్చును. 1997 జనవరిలో ప్రకటింపబడిన హెచ్‌టిటిపి 1.1 అను నియమావళిలో దీనికి తోడు 410 అను వేరొక సంఖ్య కలదు. దాని యర్థము, అది ఇచ్చట నుండెడిది, ఇప్పుడు పోయినది, మరల వచ్చునని తలంపవద్దు అని. 2022 జూన్‌లో ఆ నియమములను సవరించి మరల ప్రకటించినప్పుడును ఈ భేదమును నిలిపియుంచిరి.

చూచితిరా! యంత్రములకు నియమములు వ్రాసినవారు లేదు అనుటకొక సంఖ్యను, పోయినది అనుటకు వేరొక సంఖ్యను ఏర్పరచిరి. సర్వరు మాతో చెప్పినది 404 మాత్రమే. దానిని 410గా చదివినవారము మేము.

ఒక యుపమానము చెప్పెదము. మన కోరుకొండలో ఫాల్గుణమాసమున తీర్థము జరుగునప్పుడు కొండక్రింద అంగళ్లు వెలయును గదా. ఒక కొబ్బరికాయల దుకాణదారుడు జాగ్రత్తపరుడై, ఎవరేమి యడిగినను తనయొద్ద లేనియెడల "లేదంటిని" అని పద్దుపుస్తకములో వ్రాసికొనుచున్నాడనుకొనుడు. వచ్చినవారిలో పెక్కండ్రు అలవాటుకొలది అగ్గిపెట్టె కలదాయని కూడ అడిగిరి. అతడెన్నడును అగ్గిపెట్టెలు తెప్పించినవాడు కాడు. సాయంకాలమునకు అగ్గిపెట్టె లేదంటిని అను పద్దులు నూరయ్యెను. యజమాని వచ్చి ఆ పుస్తకము చూచి, "నూరు అగ్గిపెట్టెలు దొంగిలింపబడినవి" అని కొట్టులోని కుఱ్ఱవానిని పట్టుకొనినచో మీరేమందురు? ఆ యజమాని చేసినపనియే మేము చేసితిమి.

4. నక్షత్రము ఎచ్చటిది?

మఱి బాలుని యంత్రమున కనబడిన నీలినక్షత్రము మాటయేమి? అదియే మాకు పెద్ద సాక్ష్యముగా తోచినది. తీరా అతని ఫోల్డరును వెదకగా అందు నక్షత్రపు ఫైలే లేదు. బొమ్మ కనబడుచున్నది, ఫైలు లేదు!

బ్రౌజరు ఒకమారు తెచ్చుకొనిన బొమ్మను ప్రతిసారియు మరల తెచ్చుకొనక తనయొద్ద దాచుకొనును. ఈ దాచుకొను చోటును క్యాషి అందురు. మీరు మీ యంత్రముననే పేజీలను పరీక్షించునప్పుడు ఎల్లరును లోకల్‌హోస్ట్ అను నొకే చిరునామాను వాడుదురు. అంతకు ముందటి సంవత్సరము ఆ యంత్రమువద్ద కూర్చున్న విద్యార్థులు తమ యభ్యాసపు పేజీకి నీలినక్షత్రము నమర్చుకొనిరి. వారు పోయిరి, వారి పేజీలు పోయినవి. బ్రౌజరు మాత్రము ఆ చిరునామా ప్రక్కను ఆ నక్షత్రమును జ్ఞాపకముంచుకొనెను. క్రొత్త బాలుడు అదే చిరునామాలో తన పేజీని తెరువగా పాత నక్షత్రమును దీని ప్రక్కను నిలిపెను. పాత యింటికి క్రొత్తవారు కాపురమునకు వచ్చినను, గోడమీద వెనుకటివారి పేరు చెరపకున్నట్లే యిదియు. పేజీలలో పనిచేయువారందరు ఎప్పుడో యొకప్పుడు ఈ వింతను చూచియే తీరుదురు. దాచుకొనినదానిని తుడిచి మరల తెరువగా నక్షత్రము మాయమయ్యెను. రెండవ మేకును ఊడెను.

5. అసలు తప్పు

ఇక మిగిలినవి ఛాయాచిత్రములు. లాగులోని 43 పంక్తులను ఈసారి చివరివరకు చదివితిమి. 40 పంక్తులు ఫావికాన్‌వి. వాటి నడుమ అక్కడక్కడ మూడు పంక్తులు ఛాయాచిత్రములవి. మేము పది చదివి మానక పోయినచో ఆ మూడును మధ్యాహ్నమే కనబడియుండును. పంటచేనిలో కలుపు దట్టమైనప్పుడు తెగులు సోకిన మొక్క కంటబడనట్లు, హానిలేని నలుబది పంక్తులు హానిగల మూడింటిని కప్పివేసినవి.

ఆ మూడు పంక్తులలోని పేర్లు చిన్నబడి అక్షరములతో నున్నవి. సర్వరులోని ఫైళ్ల పేర్లు పెద్దబడి అక్షరములతో నున్నవి. తెలుగులో నీ భేదము లేదు గాని ఇంగ్లీషులో కలదు. విండోస్ యంత్రము సాధారణముగా పేర్లలో ఈ భేదమును పాటింపదు. ఏది వ్రాసినను ఫైలును తెచ్చి యిచ్చును. మా సర్వరు లినక్సుతో నడచునది. లినక్సునకు పెద్దబడి పేరు వేరు, చిన్నబడి పేరు వేరు. అందుచే బాలుని యంత్రమున కనబడిన ఛాయాచిత్రములు సర్వరులో కనబడలేదు. ఫైళ్లు మూడును సర్వరులోనే భద్రముగా నుండెను.

ఆ ఛాయాచిత్రములకు పేర్లు పెట్టినది ఎవరు? మేమే. పెద్దబడిలో పేర్లు పెట్టి, బాలునికిచ్చిన కాగితముమీద మాత్రము చిన్నబడిలో వ్రాసితిమి. ఆతడు మా కాగితమును అక్షరము తప్పక అనుసరించెను. విధేయతకు అతనికి దక్కిన ఫలము మీరు చదివితిరి. మూడు పేర్లు దిద్దుటకు రెండు నిమిషములైనను పట్టలేదు.

6. ఈ చిన్న లోపము పెద్ద హాని చేయు సందర్భములు

ఫావికాన్ లేనంతమాత్రమున పేజీ చెడదు. అక్షరములు, చిత్రములు, కొండీలు యథాప్రకారము పనిచేయును. బ్రౌజరు భూగోళమువంటి గుర్తునో ఖాళీ కాగితమువంటి గుర్తునో చూపి ఊరకుండును. అయినను సర్వరును అమర్చిన తీరునుబట్టి కొన్ని చిక్కులు కలుగవచ్చును.

మొదటిది. కొన్ని సైటులలో, లేని ఫైలును ఎవరైన అడిగినప్పుడు సర్వరు వెంటనే లేదనక, పెద్ద ప్రోగ్రామును నడిపి, డేటాబేసును వెదకి, అందమైన క్షమాపణ పేజీని తయారుచేసి పంపును. గోరంత బొమ్మ కొరకు వచ్చిన యభ్యర్థనకు ఒక నిండు పేజీకి పట్టునంత శ్రమ పట్టును.

రెండవది. ఆ ప్రోగ్రాములోనే లోపమున్నచో 404 రావలసిన చోట 500 వచ్చును. లేదు అని చెప్పవలసిన నోరు తానే తడబడి, నాకే జబ్బుగా నున్నది అన్నట్లగును. చూచువారు సైటంతయు చెడినదని భయపడుదురు.

మూడవది మిక్కిలి మోసకరమైనది. కొన్ని సర్వరులు ఏ ఫైలును అడిగినను, అది లేకున్నను, మొదటి పేజీనే తెచ్చి 200 అని చెప్పును. బొమ్మ నడిగిన బ్రౌజరునకు పేజీ చేతికి వచ్చును. అది బొమ్మను చూపలేదు. పుస్తకమేమో అంతయు సరి యని చెప్పుచుండును. లేనిదానిని ఉన్నదనుట, లేదనుటకంటె చెడ్డది.

నాలుగవది. లాగిను అయినగాని లోనికి రానీయని సైటులలో ఫావికాన్ అభ్యర్థనను కూడ ద్వారముకడ నిలిపి, లాగిను అయిన పిమ్మట చివర అడిగినదానికే పంపు పద్ధతియున్నచో, చదువరి తాను కోరిన పేజీకి గాక ఆ బొమ్మ చిరునామాకు పోయి పడును. చిత్రములవంటివాటిని ద్వారపాలకుడు అడ్డగింపకుండ నియమము వ్రాయుటయే దీనికి మందు.

7. నివారణము

అన్నింటికంటె సులభమైనది ఫైలును పెట్టుట. ఐ, సి, ఓ అక్షరములతో ముగియు ఫైలులో ఒకే బొమ్మను పలు కొలతలలో నుంచవచ్చును. అడ్డము 16, నిలువు 16 చుక్కలుగల దొకటి, 32 చుక్కలుగల దొకటి యున్న చాలును. దానిని మూలపు ఫోల్డరులో నుంచినచో అడిగిన ప్రతి బ్రౌజరునకు 200 లభించును.

రెండవ మార్గము పేజీయొక్క శిరోభాగములో లింక్ అను గుర్తును వ్రాసి, దాని రెల్ అను లక్షణమునకు ఐకాన్ అను విలువ నిచ్చి, హెచ్‌రెఫ్ అను లక్షణమునందు బొమ్మ చిరునామాను చెప్పుట. అసలు బొమ్మయే వలదనుకొనిన, హెచ్‌రెఫ్‌లో డేటా అను మాటను, దాని వెంట కోలనును కామాను మాత్రముంచవచ్చును. బ్రౌజరు దానినే ఖాళీ బొమ్మగా గ్రహించి సర్వరును బాధింపదు.

మూడవ మార్గము, లేని ఫావికాన్‌ను గూర్చి పుస్తకములో వ్రాయవద్దని సర్వరునకు చెప్పుట. ఎన్జిన్‌ఎక్స్ సర్వరులో లాగ్ నాట్ ఫౌండ్ అను నియమమును ఆపివేసినచో పొరపాట్ల పుస్తకములో ఆ పంక్తులు పడవు. ఇది పుస్తకమును శుభ్రపరచును గాని జాగ్రత్త యవసరము. ఆ యొక్క పేరునకు మాత్రమే ఈ నియమమును వర్తింపజేయవలెను. అన్ని ఫైళ్లకును వర్తింపజేసినచో, మా మూడు ఛాయాచిత్రముల పంక్తులవంటివియు కనబడకుండపోవును.

8. ముగింపు

ఉత్సవదినమున ఉదయము ప్రార్థన ముగియగనే, ఏ తరగతి యెదుట ఆ బాలుని మందలించితిమో ఆ తరగతి యెదుటనే జరిగినదంతయు చెప్పి, తప్పు మాదని యొప్పుకొంటిమి. సర్వరు పనిని మరల అతనికే యప్పగించితిమి. ఆతడు ఏమియు ననలేదు. కూర్చుండి ముందుగా లాగును తెరచి, మొదటినుండి చివరివరకు చదివెను. తరువాత తన లెక్కల నోటుపుస్తకపు గళ్లలో 16 గళ్ల అడ్డమును 16 గళ్ల నిలువును కొలిచి, కోరుకొండ కొండయాకారమును పెన్సిలుతో నింపసాగెను. ఇప్పుడు మా పాఠశాల పేజీల ముందు కనబడు బొమ్మ యదియే.

అభ్యాసము

1. సర్వరు 404 అనినప్పుడు ఏయే సంగతులు తెలియును? ఏవి తెలియవు?

2. 404, 410 సంఖ్యలకు గల భేదమును మీ యింటి వ్యవహారమునుండి యొక యుదాహరణముతో వివరింపుడు.

3. నమస్కారపు పేజీ ప్రయోగమును చేసి, లాగులో వచ్చిన పంక్తులను నోటుపుస్తకమున వ్రాసి తెండు. పంక్తులన్నియు చివరివరకు వ్రాయవలెను.

4. గళ్ల కాగితముమీద 256 గళ్లలో మీ యూరి పేరునందలి మొదటి యక్షరమును గీయుడు. తలకట్టు, గుడి, కొమ్ములలో ఏది స్పష్టముగా నిలిచినది, ఏది చెరగినది?

5. ఎవరినైనను తప్పుపట్టుటకు ముందు మేము అడుగవలసియుండి అడుగని ప్రశ్నలు మూడు ఈ వ్యాసమునుండి ఏర్చి వ్రాయుడు.